చెవిన వేసిన మాట

మొదటి వారం, సోమవారం

ఈ రోజు బళ్ళో మా అందరి చెవులూ ఊడబెరికారు. ఒంటితో పుట్టిన చెవులు కాదు, ఎడమ చెవిలో పెట్టుకునే ఫోన్లు. అమ్మమ్మ కాలంలో ఫోనంటే చేత్తో పట్టుకుని చూసే బిళ్ళట. ఇప్పుడు శనగగింజంత ఉంటుంది. అందులో చూడ్డానికేమీ లేదు, చెప్పుకోవడమే. అందుకే దాన్ని చెవి అంటాం. మనం చెబుతూ ఉంటే అది ఊఁ కొడుతూ ఉంటుంది. "ఊఁ", "అయ్యో", "ఆఁ, తరవాత?" అంటుంది. మనుషుల్లో ఇంత ఓపికగలవాళ్ళు ఎవరున్నారు?

మాట పరీక్ష అయ్యేదాకా ఇంటికి కూడా ఇవ్వరట. గోడకు కొత్తగా గూళ్ళు కట్టించి, ఒక్కొక్కరి చెవినీ ఒక్కో గూట్లో పెట్టించి, తాయారు మేడం తాళం వేశారు. ఆవిడ మాకు వ్యక్తిత్వ వికాసం చెబుతారు. మాకున్నది ఏ వ్యక్తిత్వమో, అది వికసించి ఏం చేస్తుందో ఆవిడకే తెలియాలి. పదో తరగతి మొత్తం ఏడ్చింది. వెనక బెంచీ మగపిల్లలు కూడా ఏడ్చారు. నేను మాత్రం ఏడవలేదు, ఒళ్ళు మండింది.

"ఏదన్నా చెప్పుకోవాలనిపిస్తే దీని మీద రాసుకోండర్రా" అని మేడం తలా కొన్ని కాగితాలు పంచారు. అందరూ మడిచి విసురుకున్నారు. నేను రాస్తున్నాను. ఇన్ని వాక్యాలు రాశాను గానీ ఒక్క ఊఁ కూడా వినపడలేదు. చెవిలో దురదగా ఉంది.

మొదటి వారం, బుధవారం

పొద్దున్నే, మంచును పట్టి నీళ్ళుగా కార్చే మంచు వలల కింద పెట్టిన బిందెలు తెచ్చాను. ఈ మధ్య మంచు పలచగా పడుతోంది, బిందె సగానికే వస్తోంది. బడికి వెళ్ళేలోగా అమ్మతో కలిసి రెండు వరసల ఎండ పలకలు తుడిచాను. ఊరికి కరెంటిచ్చేవి అవే. వాటి మీద దుమ్ము పడితే ఇవ్వవు. పొద్దెక్కాక ఆ మెరుపు చూడలేం. అమ్మ నేను పుట్టకముందు నుంచీ తుడుస్తోంది. ఇప్పుడు నా మొహం కనపడాలంటే దగ్గరకొచ్చి నిలబడుతుంది.

మాట పరీక్ష తప్పితే నాకూ అదే పని. నెగ్గితే ఎగువ బడికి పంపుతారు. ఆసుపత్రి, పంచాయతీ, బడి, కట్ట కాపలా, ఇలా మనిషితో మనిషి మాట్లాడాల్సిన ఉద్యోగాలన్నీ ఇకమీదట ఎగువ బడి వాళ్ళకే. పరీక్ష ఏమిటంటే, చెవి లేకుండా ముగ్గురు పెద్దల ముందు కూర్చుని మన గురించి మనం చెప్పుకోవాలి. మధ్యలో ఆగిపోతే పోయినట్టే.

ఈ పరీక్ష ఎందుకు పెట్టారో ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు కాస్త ఎక్కువ తెలుసు.

సముద్రం డెల్టాను మింగేశాక కొండెక్కినవాళ్ళం మేం. కొండ పైన వాననీళ్ళు ఆపడానికి ఒక కట్ట కట్టుకున్నారు. కట్ట కింద దిగువ వీధి. పోయిన వానల్లో కట్టకు గండి పడుతోందని కాపలావాడు కళ్ళారా చూశాడు. చూసి, చెప్పాల్సింది చెప్పి, పాకలోకి పోయి పడుకున్నాడు. తెల్లారేసరికి దిగువ వీధి లేదు. పదకొండు మంది పోయారు.

విచారణలో పెద్దలు అడిగారు. "నీళ్ళు పెరగడం చూశావా?"

"చూశానండి."

"మరి ఎవరికీ చెప్పలేదే?"

"చెవిన వేశానండి."

"ఎవరి చెవిన?"

కాపలావాడు తన ఎడమ చెవి ముట్టుకుని చూపించాడు. "దీని చెవినేనండి. ఊఁ అందండి."

ఎవరూ నవ్వలేదు. చెవికి చెప్పింది చెవి దాటదు. దాని గొప్పే అది, అందుకే అందరూ పెట్టుకుంటారు. ఆ మనిషికి మాత్రం ఎవరికో చెప్పేసిన తృప్తి కలిగింది. అలవాటు అలాంటిది. ఆ సభలో కూర్చున్న వాళ్ళలో ఎవరికి తెలియదు? ఎన్నడూ చెవి పెట్టుకోని మేడం ఒక్కరే తలెత్తుకుని కూర్చున్నారు, తక్కినవాళ్ళంతా నేల చూపులు చూశారు.

ఆ కాపలావాడి పేరు గంగరాజు. మా నాన్న.

ఆయన చెవి లాగేసుకున్నారు, ఉద్యోగం తీసేశారు. ఇప్పుడు చివరి వరసలో ఒక్కడే పలకలు తుడుస్తాడు. ఇంట్లో మాట్లాడడు. తిన్నావా నాన్నా అంటే తల ఊపుతాడు. ఇది చెప్పుకోవడానికి నాకు చెవి ఉండేది. ఇప్పుడు అదీ లేదు.

మొదటి వారం, శుక్రవారం

మేడం ఒక్కొక్కర్నీ నిలబెట్టి మాట్లాడమన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. లేచినవాడు "నా పేరు ఫలానా" అంటాడు, ఆగుతాడు. ఊఁ కోసం చూస్తాడు. అది రాదు. "మాది ఫలానా వీధి" అంటాడు, మళ్ళీ ఆగుతాడు. మూడో వాక్యానికి చెమటలు పట్టి కూర్చుంటాడు.

నా పక్కన కూర్చునే పిల్ల పేరు సుభాషిణి. పేరు చూస్తే అది. లేచి నిలబడితే మాట పెగలలేదు. రెండు జడలూ రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి, మూసి, కూర్చుంది.

మేడం బల్ల మీద చేత్తో కొట్టారు. "తప్పు చెప్పేవాళ్ళది కాదర్రా, వినేవాళ్ళది. మా చిన్నప్పుడు కథ చెప్పేవాళ్ళు ముందే అడిగేవోరు, ఊఁ కొడతావా, కొడితేనే చెబుతాను అని. మీరంతా ఊఁ కొట్టించుకోడమే గానీ కొట్టడం ఎరగరు. ఇద్దరిద్దరు జట్టు కట్టండి. పరీక్షలో పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చని పెద్దల్ని ఒప్పించాను. ఒకళ్ళకొకళ్ళు ఊఁ కొట్టుకోండి."

"మేడమండీ, అవతలోళ్ళు వింటున్నారో లేదో మాకెలా తెలుస్తుందండీ?" అని సుభాషిణి అడిగింది. అది చాలా మంచి ప్రశ్న.

మేడం నవ్వారు. "మధ్యలో ఒక అబద్ధం పెట్టు. వింటుంటే ఆపుతారు. ఊఁ అన్నారనుకో, నిద్రపోయినట్టు లెక్క."

నేనూ సుభా జట్టు కట్టాం. ఇంకెవరూ నా పక్కకు రాలేదనుకోండి. గంగరాజు కూతురికి ఊఁ కొడతామని ఎవరొస్తారు? సుభా ఎందుకొచ్చిందో మాత్రం తెలియలేదు. దాని పిన్ని బుల్లెమ్మది దిగువ వీధే.

రెండో వారం, మంగళవారం

ఊఁ కొట్టడం ఇంత కష్టమని ఎవరికి తెలుసు! మొదట్లో వాక్యానికొకటి చొప్పున వడ్డించాను. సుభా విసుక్కుంది. "నువ్వలా టకటకా కొట్టకే, తరుముతున్నట్టుంది." తగ్గించాను. "ఏంటే, ఉన్నావా పోయావా?" అంది. తల ప్రాణం తోకకొచ్చింది.

సంకటి వరసలో నిలబడ్డప్పుడు, బిందెలు మోస్తున్నప్పుడు, పలకల నీడన కూర్చున్నప్పుడు అదే పని. ఈ రోజు మధ్యాహ్నం ఎలాగో కుదిరింది. అది ఊపిరి తీసుకునే చోట ఊఁ అక్కర్లేదని తెలిసింది. మాట గొంతులో అడ్డం పడుతుంది చూడండి, అక్కడ కావాలి. అది రావాలంటే దాని మొహంలోకి చూస్తూ ఉండాలి, వేరే ఏమీ ఆలోచించకూడదు. మనకు గుర్తొచ్చిన సంగతులు మింగేయాలి. నేను ఎప్పుడూ ఎవరి మొహమూ అంతసేపు చూడలేదు. సుభాకి కుడి కనుబొమలో చిన్న గాటు ఉంది. మూడేళ్ళుగా పక్కన కూర్చుంటున్నాను, ఇన్నాళ్ళూ కనపడలేదు.

అది తన చిన్నప్పటి సంగతేదో చెబుతూ చెబుతూ, "అప్పుడు మా మేక ఎగిరి మేడెక్కి మా అమ్మకి జడేసింది" అంది.

"ఏంటీ?" అన్నాను.

ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. సంకటి వడ్డించేవాళ్ళు గరిటె చూపించి కేకలేసేదాకా నవ్వాం. ఇంటికెళ్ళేటప్పుడు గూళ్ళ ముందు నుంచి నడిచానన్న సంగతే గుర్తు లేదు.

మూడో వారం, గురువారం

సుభా పరీక్షలో ఏం చెప్పాలో తేల్చుకుంది. పిన్ని గురించి.

పలకల వెనక కూర్చోబెట్టి మొదటిసారి చెప్పింది. బుల్లెమ్మ పిన్ని దాన్ని పెంచిందట. తల దువ్వుతూ చిక్కు తీయలేక జుట్టునే తిట్టేదట. ఆ రోజు సుభా అక్కడే పడుకోవాల్సింది, ఏదో చిన్న మాటకు అలిగి ఇంటికొచ్చేసింది. తెల్లారి వెళ్ళేసరికి బురదలో దువ్వెన ఒక్కటీ దొరికింది. ఇదంతా మా నాన్న చేసిన పని. అది చెబుతోంది, నేను ఊఁ కొడుతున్నాను. పారిపోవాలనిపించింది. అయినా తప్పుచోట ఒక్కటి కూడా వేయలేదు. అది నాకు తెలుసు.

చివర్లో అది జడ చివరతో కళ్ళు తుడుచుకుంది. "ఇప్పుడు నువ్వు చెప్పవే వేణీ."

"నా సంగతి నీకెందుకే? నువ్వు వినలేవు."

"నువ్వు వినలేదా?"

అప్పుడు చెప్పాను. నాన్న గురించి. విచారణ నాడు చెవి ముట్టుకుని చూపించడం, ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా కూర్చోవడం. ఆ పొద్దున దిగువ వీధికి పోయి మట్టిలో చేతులు పెట్టి తవ్వబోతే జనం వద్దు పొమ్మన్నారు. ఇప్పటికీ వాన పడితే లేచి గుమ్మంలో నిలబడతాడు. వాన పడుతోందని మాత్రం మాకు చెప్పడు. ఆయన ఎవరికైనా ఏదైనా చెబితే బాగుండునని నాకు ఎంత ఉందో కూడా చెప్పాను. సుభా విన్నది. మొత్తం విన్నది. నాన్న మట్టిలో చేతులు పెట్టిన చోట దాని "ఊఁ" సరిగ్గా పడింది. అంత నెమ్మదిగా నన్నెవరూ పట్టుకోలేదు.

"పరీక్షలో ఇదే చెప్పు" అంది. "పెద్దోళ్ళకి కూడా తెలవాలి మీ నాన్న ఎలా ఉన్నాడో. నేను పక్కనే ఉంటాగా."

నాకు భయం పోయింది. ఆయన గురించి పెద్దల ముందు చెప్పి, నెగ్గి, ఎగువ బడికి వెళ్ళి, కట్ట మీద కాపలా ఉద్యోగమే చేయాలి. ఈసారి గండి పడితే ఇంటింటికీ పోయి తలుపులు బాదాలి. ఇంతవరకూ నాకు ఏదైనా కావాలనిపించడం ఇదే మొదలు.

నాలుగో వారం, సోమవారం, పరీక్ష రోజు

చీటీలు వేస్తే సుభాది పొద్దున్న, నాది మధ్యాహ్నం వచ్చింది.

గదిలో బల్ల వెనక మా పెద్దసారు, ఎగువ బడి నుంచి వచ్చిన ఒకాయన, ఒకావిడ. వాళ్ళ చెవులు వాళ్ళకే ఉన్నాయి, పెద్దవాళ్ళకు రూలు లేదు. తాయారు మేడాన్ని లోపలికి రానివ్వలేదు, బయట అరుగు మీద కూర్చోబెట్టారు.

సుభా చెప్పింది. దువ్వెన దగ్గరికి వచ్చేసరికి గొంతు పోయింది. నేను "ఊఁ" అన్నాను. అది నా వైపు చూసి, మళ్ళీ అందుకుని, చివరిదాకా వెళ్ళింది. ఎగువ బడి ఆవిడ చప్పట్లు కొట్టింది. పెద్దసారు అక్కడికక్కడే నెగ్గినట్టు చెప్పి, బహుమానంగా తాళం తీయించి దాని చెవి దానికిచ్చేశారు. సుభా బయటికొచ్చి మేడం కాళ్ళకు దండం పెట్టింది, నన్ను వాటేసుకుంది.

భోజనాలయ్యాక నా వంతు వచ్చింది. సుభా కాస్త ఆలస్యంగా పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. ఎప్పుడూ రెండు జడలతో ఉండే పిల్ల, ఎడమవైపు జడ విప్పి జుట్టు వదిలేసుకుంది. నెగ్గిన సంబరం అనుకున్నాను.

మొదలుపెట్టాను. "మా నాన్న పేరు గంగరాజు."

"ఊఁ" అంది సుభా.

"ఆయన కట్ట మీద కాపలా కాసేవాడు."

"ఊఁ."

విచారణ సంగతి చెబుతుంటే నా గొంతులో మాట అడ్డం పడింది. ఊఁ రాలేదు. తర్వాత ఊరికే ఊపిరి తీసుకున్నాను, అక్కడ వచ్చింది. పక్కకు తిరిగి చూశాను. కళ్ళు నా మీదే ఉన్నాయి, పెదాలు మాత్రం సన్నగా కదులుతున్నాయి. జుట్టు కింద దాచిన చెవికి అది ఏదో చెప్పుకుంటోంది.

ముందుకే వెళ్ళాను. నాన్న చెప్పులు విప్పకుండా కూర్చోవడం చెప్పాను. ఊఁ. మట్టిలో చేతులు పెట్టడం చెప్పాను. ఊఁ. గోడ గడియారం గంటల్లా సమానంగా పడుతున్నాయి. ఎదుట పెద్దసారు కూడా తల ఊపుతున్నారు. ఆయన కళ్ళు కిటికీలో ఉన్నాయి.

అప్పుడు ఆ అబద్ధం నా నోట్లోకి వచ్చింది. పరీక్ష చేద్దామనే అన్నాను. అంటున్నప్పుడు మాత్రం అది జరిగి ఉంటే బాగుండునని ప్రాణం కొట్టుకుంది.

"కట్టకు గండి పడడం చూసి మా నాన్న పరుగెత్తుకెళ్ళి దిగువ వీధిలో తలుపులన్నీ బాదాడు. అందర్నీ లేపాడు. ఒక్కరు కూడా చావలేదు."

"ఊఁ" అంది సుభాషిణి. బుల్లెమ్మ పిన్ని పెంచిన సుభాషిణి.

"ఊఁ" అన్నారు పెద్దసారు. పదకొండు పాడెల ముందూ నడిచిన మనిషి ఆయన.

నేను ఆగిపోయాను.

"ఊఁ, తరవాత?" అంది ఎగువ బడి ఆవిడ.

"అంతేనండి."

"ఇంకా టైముంది కదమ్మా, చెప్పు."

"ఎవరికి చెప్పనండి?"

ఆ ప్రశ్నకు మార్కులు లేవు. మధ్యలో ఆగిపోయిందని రాసుకున్నారు. పోయింది.

బయటికొచ్చాక సుభా నా చెయ్యి పట్టుకుంది. "బాగా చెబుతున్నావే, ఎందుకు ఆపేశావు?"

"ఏం చెప్పానే నేను?"

"మీ నాన్న గురించే కదా. అంతా విన్నాను."

"మీ పిన్ని చావలేదని చెప్పాను."

సుభా చెయ్యి దానంతటదే ఎడమ చెవి మీదికి పోయింది. "ఇన్నాళ్ళకి ఇచ్చారు కదే... నెగ్గానని దానికి చెప్పుకుంటున్నాను... రెండు మాటలేనే వేణీ..." అని ఏడ్చింది. దాని మీద కోపం తెచ్చుకోవాలని చూశాను, రాలేదు. దాని చోట నేనుంటే తాళం తీశాక గంటసేపైనా ఆగేదాన్నా?

తాయారు మేడం గూడు తీసి నా చెవి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు. "వినడం నేర్పడం నా వల్ల కాలేదమ్మా" అన్నారు.

సాయంత్రం మా ఇంటి వెనక మంచు వలల దగ్గర కూర్చుని చెవి పెట్టుకున్నాను. మూడు వారాల సంగతులు పొంగుకొచ్చాయి. మొదట్నుంచీ గుసగుసగా చెప్పాను. అది ఎక్కడ కావాలో అక్కడ ఊఁ అంది. నాన్న మట్టిలో చేతులు పెట్టిన చోట "అయ్యో" అంది. పరీక్షలో చెప్పిన మాటే దానికీ చెప్పాను, మా నాన్న అందర్నీ లేపాడు, ఒక్కరు కూడా చావలేదు అని.

అది ఆగింది.

"అలా జరగలేదు కదా, వేణీ" అంది.

ఊళ్ళో ఆ ఒక్కటే విన్నది. పదకొండు మందిని ముంచిన ఊఁ కూడా ఇలాంటి చెవిదే. ఆ సంగతి మరిచిపోయానని కాదు. అయినా దాన్ని చెవిలోకి ఇంకా లోపలికి నొక్కుకున్నాను. జరగలేదు, జరగలేదు అని ఏడుస్తూ ఎంతసేపు చెప్పుకున్నానో తెలియదు.

నాలుగో వారం, మంగళవారం

ఈ సంగతి చెవికి చెప్పడం లేదు. మిగిలిన కాగితం ఉంది, దీని మీద రాస్తున్నాను.

ఈ రోజు పలకల పనిలో చేరాను. చివరి వరసలో వేశారు, నాన్న పక్కన. గుడ్డ, బకెట్టు ఇచ్చారు. బయల్దేరే ముందు అమ్మ దగ్గరకొచ్చి నా మొహంలోకి చూసింది. తనలో ఏదో సంతోషం ఉంది. పరీక్ష తప్పినదాన్ని చూసి ఎందుకు సంతోషమో అర్థం కాలేదు.

"నిన్న మీ నాన్న నీకేం చెప్పాడే?" అంది.

"నాన్నా? నాకా?"

"అదేంటే, సాయంత్రం వలల కాడ నీ పక్కన కూకుని అంతసేపు మాట్లాడాడు గదా. ఆ వానల తరవాత ఆయన నోరిప్పడం అదే. చెబుతా చెబుతా ఏడ్చాడు కూడాను. నువ్వు ఊఁ కొడతన్నావు గదా, మధ్యలో ఎందుకులే అని నేను గుమ్మం దాటి రాలేదు. ఏమన్నాడే?"

నాకు గుర్తుంది. ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. ఏదో గొంతు వినపడుతోంది. నేను చెవికి చెబుతూ చెబుతూ, ఆ గొంతు ఆగినప్పుడల్లా, ఊఁ అన్నాను.

పలకల దగ్గరకు పరుగెత్తాను. నాన్న అప్పటికే సగం వరస తుడిచాడు. బకెట్టు కింద పెట్టి, చెవి తీసి అందులో పడేసి, ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన మొహంలోకి చూశాను.

"నిన్న ఏం చెప్పావు నాన్నా? మళ్ళీ చెప్పు. ఇప్పుడు వింటాను."

నాన్న నా ఎడమ చెవి వైపు చూశాడు. బకెట్లోకి చూశాడు.

"ఏం లేదమ్మా" అన్నాడు. గుడ్డ పిండుకుని పక్క పలక దగ్గరికి వెళ్ళిపోయాడు.